తడి గోనె వాసన

పోయిన ఆదివారం మధ్యాహ్నం, కొల్లేటి అంచున సత్తిబాబు చెరువు గట్టు మీది షెడ్డులో కూర్చుని విస్కీ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. సున్నిపిండి వాసన వచ్చింది. పెసలు, కచ్చూరాలు, ఎండిన గులాబీ రేకులు కలిపి ఇంట్లో విసురుకునే పాతకాలపు సున్నిపిండి. గ్లాసు దించి పక్కవాళ్ళ వైపు చూశాను. సత్తిబాబు ఏ సబ్బు చేతికి దొరికితే దాంతో స్నానం కానిచ్చే మనిషి. కరీముల్లా గారు శుభ్రమైన మనిషే కానీ ఆయనదీ సబ్బే. సున్నిపిండితో స్నానం చేసి ఈ షెడ్డుకి వచ్చే మనిషి ఒక్కరే ఉండేవారు. ఆయన పోయి రెండేళ్ళు దాటింది. చేపల మేత, నాచు, కుళ్ళిన గుర్రపుడెక్క, ఇన్ని వాసనలు ఉండవలసిన చోట నాకు ఆ ఒక్కటే వచ్చింది. గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

ఆయన పేరు భానుమూర్తి గారు. పొగాకు కొనే ఒక కంపెనీలో పెద్ద బయ్యరు, నా మొదటి యజమాని, ఇవాళ నేను కూర్చుంటున్న కుర్చీ ఆయనదే. ఉద్యోగం అడగడానికి వెళ్ళినప్పుడు ఆయన నా డిగ్రీ కాగితాలు తిప్పి కూడా చూడలేదు. "మీదే ఊరు?" అన్నారు. తాడేపల్లిగూడెం అన్నాను, ఉల్లి మార్కెట్ వెనక వీధి అన్నాను. "అయితే ఉల్లిపాయ బస్తాలో ఒక్క కాయ కుళ్ళితే, బస్తా విప్పకుండా చెప్పగలవా?" అని అడిగారు. చిన్నప్పటి నుంచీ అదే పని కదా, చెప్పగలనండి అన్నాను. "రేపటి నుంచి రా" అన్నారు. ఆ తర్వాత ఎన్నో సీజన్లు నల్లజర్ల దాటి మెట్ట ఊళ్ళ వేలం కేంద్రాలకి ఆయన జీపు వెనక సీట్లో తిరిగాను. పొగాకు బేళ్ళ వరస పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నడిచేవారు. ఉన్నట్టుండి ఆగి ఒక ఆకు లాగి, చెవి దగ్గర నలిపి, ముక్కు దగ్గర పెట్టుకునేవారు. ధర చెప్పాక ఇక బ్రహ్మదేవుడు వచ్చినా మారేది కాదు. రైతులు ఆయన్ని తిట్టుకునేవారు, మళ్ళీ ఆయన కోసమే ఎదురు చూసేవారు.

ఆయనకి విస్కీ పిచ్చి పట్టింది రిటైరయ్యాకే. సర్వీసులో ఉండగా విదేశీ అతిథులు ఇచ్చిన సీసాలన్నీ వట్లూరులో ఆయన ఇంటి బీరువాలో చీరల కింద దుమ్ము పట్టి ఉండేవి. తాగుడంటే ఆయనకి చిరాకు. ఖాళీగా కూర్చున్నాక ఒకరోజు ఒక సీసా మూత తీసి వాసన చూశారట. "ఇన్నేళ్ళు ఆకు చూసిన ముక్కు, ఊరికే ఎలా ఉంటుందయ్యా?" అన్నారు నాతో, కొత్త బొమ్మ దొరికిన పిల్లాడి మొహంతో. అలా నెలకో ఆదివారం మొదలైంది. నేను, చేపల చెరువుల సత్తిబాబు, ఏలూరులో తివాచీలు నేయించే కరీముల్లా గారు. కరీముల్లా గారు మొదటిరోజే చెప్పేశారు: "మా ఇంట్లో తాగరండీ సార్. మీతో కూర్చోడానికి మాత్రం నాకేం అభ్యంతరం లేదండీ." ఆయన సోడా తాగుతూ నిప్పుల మీద చేపలు కాల్చేవారు. మా అందరిలోకీ హుషారు ఆయనకే ఎక్కువ.

భానుమూర్తి గారి నియమాలు పెళ్ళివారి మర్యాదల్లాంటివి, తప్పితే మొహం మాడ్చుకునేవారు. ఆ రోజు ఎవరూ సెంటు పూసుకోకూడదు. షెడ్డులోకి ఉల్లిపాయ రాకూడదు. గ్లాసులో పోసేది అడుగు తడిసేంత. దానికి నీళ్ళ చుక్క కలపడానికి ఆయన దగ్గర ఒక ఉద్ధరిణి ఉండేది. అది చూసి ఆయన భార్య లలితమ్మ గారు, "ఆచమనం చేసే చేత్తో ఇదేం పనండీ?" అని నెత్తి కొట్టుకుంటే, "బజార్లో కొన్నదేనే, మీ అత్తగారిది కాదు" అనేవారు. మొదటి ఆదివారం నన్ను గ్లాసు వాసన చూడమన్నారు. చూసి, బాగుందండీ అన్నాను. "బాగుంది అనేది వాసన కాదు. ఈ వాసన ఇదివరకు నీకెక్కడ తగిలిందో అది చెప్పు." కళ్ళు మూసుకుని చాలాసేపు వెతుక్కున్నాను. చివరికి దొరికింది. మా అమ్మమ్మ మామిడితాండ్ర ఎండబెట్టే చాప. తాండ్ర కాదు, తాండ్ర ఒలిచేశాక మిగిలిన ఆ చాప. ఆ మాట చెప్పగానే ఆయన లేచి నిలబడి నా భుజం మీద కొట్టారు. ఎప్పుడో పోయిన మనిషి, ఎప్పుడో పారేసిన చాప, పరాయి దేశపు సీసాలోంచి లేచి రావడం నాకు సంతోషంగానూ ఉంది, కొంచెం భయంగానూ ఉంది. ఆ భయం గురించి అప్పుడాయనతో అనలేదు.

ఒకసారి సత్తిబాబు బావమరిది విమానాశ్రయంలో కొని ఏదో దీవుల్లో తయారైన విస్కీ పంపించాడు. ముదురాకుపచ్చ సీసాలు, రెండు. గ్లాసులో పొయ్యగానే షెడ్డంతా ఆసుపత్రి వాసన. సత్తిబాబు, "ఇది పాడైపోయిందండీ గురువు గారూ" అని పారబొయ్యబోయాడు. భానుమూర్తి గారు పకపకా నవ్వారు. అక్కడి బురద నేలలో మట్టిగడ్డలు తవ్వి, ఎండబెట్టి, కాల్చి ఆ పొగతో బార్లీ ఆరబెడతారట. టింక్చర్ వాసన రావడమే దాని గొప్పతనమట. "మన ఆకుకి పొగ తగిలితే నాశనం. వాళ్ళ గింజకి పొగే ప్రాణం" అన్నారు. ఆ తర్వాత గ్లాసు చేతిలో అలాగే పట్టుకుని చెరువు వైపు చూస్తూ తన యజమాని రంగారావు గారి గురించి చెప్పారు. భానుమూర్తి గారికి వాసన నేర్పింది ఆయనే. మెట్టలో ఒక బ్యారన్, అంటే పచ్చాకుని కర్రలకి కట్టి వేలాడదీసి గొట్టాల వేడితో పండబెట్టే ఎత్తయిన గది, అంటుకుందట. లోపల ఒక కూలీ ఇరుక్కుపోయాడు. రంగారావు గారు గోనెపట్టా నీళ్ళలో ముంచి, కప్పుకుని లోపలికి వెళ్ళారు. కూలీని బయటికి తోశారు. తను బయటపడ్డారు కానీ ఆ రాత్రి దాటలేదు. "తడి గోనె కాలితే ఒక వాసన వస్తుందయ్యా. అది దేనికీ దగ్గరగా ఉండదు" అన్నారు. ఆ రోజు ఆయన ఇక గ్లాసు ముట్టలేదు.

తర్వాత మాయదారి జ్వరాలు వచ్చిన ఏడు ఆయనకీ జ్వరం వచ్చింది, తగ్గింది. మళ్ళీ ఆదివారాలు మొదలయ్యాయి. ఆయనలో తేడా ఒక్కటే. ఇదివరకు తనే ముందు వాసన చూసి మమ్మల్ని పరీక్ష పెట్టే మనిషి, ఇప్పుడు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, "ముందు మీరు చెప్పండి" అనడం మొదలుపెట్టారు. మాకు పెద్దరికం ఇస్తున్నారని పొంగిపోయాం.

ఒక ఉదయం పనుండి వట్లూరు వెళ్ళాను. వీధి మలుపులోనే మాడు వాసన. గేటు తీసేసరికి కిటికీలోంచి పొగ. లలితమ్మ గారు ద్వారకా తిరుమల వెళ్ళారు. వంటింట్లో స్టవ్ మీద పాలగిన్నె నల్లగా మాడి గిన్నె అడుగు ఎర్రబడుతోంది. దానికి నాలుగడుగుల దూరంలో, పొగ మధ్యన, భానుమూర్తి గారు భోజనాల బల్ల దగ్గర వీపు ఇటు పెట్టి ప్రశాంతంగా పేపరు చదువుకుంటున్నారు. ఆ ఇంట్లో బతికున్న మనిషి లేడేమో అనిపించింది. స్టవ్ కట్టేసి, కిటికీలు తెరిచి, "సార్, పాలు మాడిపోయాయండీ" అన్నాను.

ఆయన గిన్నె వైపు చూశారు. "నీకు గుమ్మం దగ్గరికే వచ్చిందా వాసన?"

"వీధి చివరికే వచ్చిందండీ."

పేపరు మడత పెట్టారు. "నాకు రాలేదు ప్రసాదూ. జ్వరం తగ్గిన దగ్గర్నుంచీ ఏదీ రావడం లేదు. అందరికీ పోయింది, అందరికీ తిరిగొచ్చింది. నాకు రాలేదు. కాఫీ అయినా, పులుసు అయినా, అన్నీ వేడినీళ్ళే. నా ఒంటి వాసన కూడా నాకు తెలియడం లేదయ్యా. పోయినవాళ్ళకి ఇలాగే ఉంటుందేమో."

డాక్టరు దగ్గరికి వెళ్దామన్నాను. "చూపించాను, చూద్దామన్నారు" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, ఇంటికొచ్చిన చుట్టం గురించి చెప్పినంత మామూలుగా చెప్పారు. "ఒక్కటి మాత్రం వస్తోంది. తడి గోనె కాలే వాసన. మొన్న వసారాలో కూర్చుంటే వచ్చింది. రంగారావు గారు వచ్చారనిపించి లేచాను. లేచి రెండడుగులు వేశానో లేదో, స్లాబు పెచ్చు ఊడి కుర్చీలో పడింది." వసారాలోకి తీసుకెళ్ళి చూపించారు. కుర్చీ అల్లిక మధ్యలో చిరిగి కిందికి వేలాడుతోంది.

"ఎవరికీ చెప్పకు" అన్నారు. "ముక్కు లేని భానుమూర్తిని చూడ్డానికి ఎవరొస్తారు?"

నాకు కోపం వచ్చింది. మేం వచ్చేది ఆయన ముక్కు కోసమా? అదే మాట అనేశాను కూడా. ఆయన నవ్వారు. ఆయన భయం నాకు అర్థమైంది. బతుకంతా ఒక్కదాని మీద నిలబెట్టుకున్న మనిషి అది పోతే తనే మిగలనని అనుకుంటున్నారు. ఆ ఆదివారాలు ఆగితే ఆయన నిజంగానే మంచం ఎక్కేస్తారనిపించింది. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆయన్నే చూస్తూ కూర్చునేవాడిని. మేం చెప్పే మాటలు కళ్ళు మూసుకుని వినేవారు. నేను కోకో గింజలు పులిసిన వాసన అంటే, సత్తిబాబు పాతబెల్లం అంటే, ఆయన, "అడుగున కంది పొట్టు ఉందేమో చూడండి" అనేవారు. చూస్తే ఉండేది. నలభై ఏళ్ళ అనుభవం కదా, ఒక వాసన పక్కన ఏది కూర్చుంటుందో తెలుస్తుంది అని నాకు నేనే సర్దిచెప్పుకునేవాడిని.

ఇక ఆ వేసవి ఆదివారం. గాలి లేదు. గట్టు మీద నీటికాకులు రెక్కలు చాపుకుని కదలకుండా కూర్చున్నాయి. గుర్రపుడెక్క మాత్రం ఎవరో కింద నుంచి తోస్తున్నట్టు మెల్లగా మా వైపు జరుగుతోంది. సత్తిబాబు షెడ్డు బీరువాలోంచి ఆకుపచ్చ సీసా తీశాడు. దీవుల విస్కీ రెండో సీసాలో పావు వంతు మిగిలింది, ఏడాదిగా దాచానన్నాడు. మూడు గ్లాసుల్లో పోశాడు. షెడ్డు నిండా ఆసుపత్రి వాసన. ఇదివరకటి కంటే ఘాటుగా ఉంది. ఉంచేకొద్దీ ముదిరింది కాబోలనుకున్నాను. "టింక్చర్ సీసా మూత తీసినట్టుందండీ" అన్నాను మెచ్చుకోలుగా. "అసలు సరుకు" అన్నాడు సత్తిబాబు. కరీముల్లా గారు నిప్పుల దగ్గర నుంచి, "అబ్బ, కళ్ళు మండుతున్నాయండీ ఇవాళ" అంటే ఇద్దరం ఆయన్ని ఆటపట్టించాం. ఇది బాగుందని మాకు నేర్పిన మనిషి ఎదురుగానే కూర్చున్నారు. మాకు అనుమానం ఎందుకొస్తుంది?

గ్లాసు నా పెదాల దాకా వచ్చింది.

"దించండి" అన్నారు భానుమూర్తి గారు. ఆ గొంతు నేను వేలం కేంద్రంలో తప్ప ఎక్కడా వినలేదు. "ఎవరూ తాగకండి. గ్లాసులు దించండి."

సత్తిబాబు అదిరిపడ్డాడు. చేతిలో గ్లాసు ఒరిగి ప్లేటులోని మరమరాల మీద ఒలికింది. మేం చూస్తుండగానే తెల్లటి మరమరాలు సిరా పోసినట్టు నల్లటి నీలం రంగుకి తిరిగాయి. సత్తిబాబు బీరువా దగ్గరికి పరిగెత్తి వెనక నుంచి ఇంకో ఆకుపచ్చ సీసా తీశాడు. అసలు విస్కీ అది. చెరువు నీటిలో రోగాలు రాకుండా కలిపే అయోడిన్ మందు డబ్బా ఎండకి పగిలితే, వృథా అవుతుందని ఖాళీ అయిన మొదటి సీసాలో పోశాడట. గుర్తుకి మెడకి ఎర్రదారం కట్టాడట. దారం తేమకి ఊడిందో, ఎలుక కొరికిందో, బీరువా అడుగున పడి ఉంది. మా గొంతులూ పేగులూ కాలిపోయి ఉండేవి. ఇంకే విస్కీ అయినా వాసనకే తెలిసిపోయేది. టింక్చర్ వాసనే వచ్చే ఆ ఒక్కదాంట్లోనే తేడా తెలియదు.

సత్తిబాబు ఆయన కాళ్ళ మీద పడిపోయాడు. "మీ ముక్కు ముక్కు కాదండీ గురువు గారూ, దేవుడండీ బాబూ!" అని ఏడ్చేశాడు. కరీముల్లా గారు ఆయన చేతులు కళ్ళకద్దుకున్నారు. ఆయన ముక్కుకి అంతటి గౌరవం అంతకు ముందెప్పుడూ దక్కలేదు. ఆ ముక్కుకి ఏ వాసనా తెలియదని ఆ షెడ్డులో ఎరిగినవాడిని నేనొక్కడినే. ఆయన వాళ్ళ తలల మీదుగా నా వైపు చూశారు. "ఇంటికి తీసుకెళ్ళు" అన్నారు. బయటికి వస్తూ గుమ్మంలో వేసిన గోనెపట్టా మీద కాలు పెట్టాను. తడిగా తగిలింది. సత్తిబాబు కాళ్ళు కడుక్కుని తుడుచుకుని ఉంటాడు. అడగలేదు.

కారులో, గట్టు రోడ్డు దాటాక అడిగాను. "రంగు చూసి పోల్చారా అండీ? గ్లాసు గోడ మీద జారే తీరు చూశారా?"

"అలా అనుకుంటే నీకు నిద్ర పడుతుందంటే అలాగే అనుకో" అన్నారు. వట్లూరులో ఇంటి ముందు కారు ఆపాను. దిగుతూ అన్నారు. "ఈసారి రంగారావు గారు పక్క కుర్చీలో కూర్చున్నంత దగ్గరగా వచ్చారయ్యా."

వానాకాలంలో ఆయన మంచాన పడ్డారు. గుండె అన్నారు డాక్టర్లు. నేను వెళ్ళి కూర్చుంటే లలితమ్మ గారు సున్నిపిండితో ఆయన చేతులు కడిగి, తుడిచి వెళ్ళారు. ఆయన తన అరచేయి ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుని, దించేశారు. "రంగారావు గారి సంగతి నీకు పూర్తిగా చెప్పలేదు" అన్నారు. "బ్యారన్ అంటుకున్నాక ఆయన వెళ్ళారని చెప్పాను. కాదు. బ్యారన్ ముందు మంచం మీద కూర్చుని కబుర్లు చెబుతున్న మనిషి ఉన్నట్టుండి లేచి 'నిప్పు' అన్నారు. అప్పటికి పొగ లేదు, వాసన లేదు. మేమంతా నవ్వాం. ఆయన గోనె తడుపుకుని లోపలికి వెళ్ళాక అంటుకుంది."

"ఎలా తెలిసిందండీ ఆయనకి?"

"అప్పటికి ఆయనకి ముక్కు పోయి ఏడాది. నాకొక్కడికే తెలుసు. ఆయనకి పని నేర్పిన పెద్దాయన ఒకరుండేవారట. ఆ పెద్దాయన వచ్చారు అన్నారు చివర్లో. అప్పుడు నేను నమ్మలేదు."

"ఆ పెద్దాయన ఏ వాసనతో వచ్చేవారండీ?"

"అడగలేదయ్యా. అడగవలసింది." బయట వాన హోరు. ఆయన నా మొహంలోకి చూసి, "నీ ముక్కు ఎలా ఉంది?" అన్నారు.

"బాగుందండీ."

"బాగుంది అనేది వాసన కాదు" అన్నారు, నవ్వుతూ. ఆయన నాతో అన్న చివరి మాట అదే. ఆ వారంలోనే పోయారు.

ఆయన్ని తలుచుకోకుండా నేను ఒక్క ఆకు ముట్టుకోలేదు, ఒక్క గ్లాసు ఎత్తలేదు. ప్రతిదాన్నీ నాదైన ఒక చోటికి తీసుకెళ్ళి పోల్చుకోవడం ఆయన పెట్టిన భిక్ష. ఆ భిక్ష మీదే నా ఇల్లు నడుస్తోంది, నా పిల్లలు చదువుకుంటున్నారు. ఈ మధ్య మా తాడేపల్లిగూడెంలో వానలకి ఉల్లి మార్కెట్లో సరుకు కుళ్ళిందని, వీధిలో తల తిరుగుతోందని మా ఆవిడ రోజూ విసుక్కుంటోంది. నాకేమీ ఇబ్బంది అనిపించలేదు. పుట్టి పెరిగిన వీధి కదా, అలవాటైపోయిందనుకున్నాను.

పోయిన ఆదివారం సున్నిపిండి వాసన రాగానే గ్లాసు పెట్టేసి, "దించండి" అన్నాను. ఆ షెడ్డులో ఆ మాటకి ఎదురు ప్రశ్న ఉండదు. సత్తిబాబు గ్లాసులోది రెండు చుక్కలు మరమరాల మీద వేశాడు. ముగ్గురం వంగి చూశాం. మరమరాలు తెల్లగానే ఉన్నాయి. మళ్ళీ వేశాడు. తెల్లగానే ఉన్నాయి. "మంచిదేనండీ ప్రసాద్ గారూ, అనవసరంగా హడలగొట్టారు" అని ఊపిరి పీల్చుకున్నాడు. అయితే ఆయన గ్లాసు గురించి రాలేదు. మరి దేని గురించి వచ్చారు?

కరీముల్లా గారు చేపల పక్కన ఉల్లిపాయ చక్రాలు తరిగి పెట్టారు. భానుమూర్తి గారు ఉండగా ఉల్లిపాయ గుమ్మం దాటేది కాదు. ఆయన పోయాక మేం ఆ నియమం వదిలేశాం. ఒక చక్రం తీసి, విరిచి, ముక్కుకి ఆనించుకున్నాను. కళ్ళు మండాయి, నీళ్ళొచ్చాయి. వాసన లేదు. గ్లాసు మళ్ళీ ఎత్తాను. పొగ లేదు, గింజ లేదు, తాండ్ర చాప ఎక్కడా లేదు. సున్నిపిండి ఒక్కటే, ఇప్పుడే స్నానం చేసి వచ్చి పక్కన కూర్చున్నంత దగ్గరగా.

"ఏం వాసనండీ? చెప్పరేం?" అన్నాడు సత్తిబాబు. ఇద్దరూ నా మొహంలోకే చూస్తున్నారు.

గ్లాసు ముక్కు దగ్గరే ఉంచుకుని, "ముందు మీరు చెప్పండి" అన్నాను.